ఎవరూ చూడనప్పుడు గుర్రం ఎలా నిలబడుతుంది

మా బాపు ధర్మాబాద్ స్టేషన్ దగ్గర టాంగా నడిపేవాడు. నిజామాబాద్ నుంచి రైల్లో వస్తే గోదావరి వంతెన, బాసర, ఆ తర్వాత మా ఊరు. రాష్ట్రం మహారాష్ట్ర, జిల్లా నాందేడ్. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ మాట్లాడేవాళ్లం. గుర్రంతో మాత్రం బాపు హిందీలోనే మాట్లాడేవాడు. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ గుర్రంతో అలాగే మాట్లాడేవాడట.

మా గుర్రం పేరు మోతి. తెల్లటి ఆడగుర్రం. నాకు పదేళ్లున్నప్పుడు ఒక చలికాలం ఇంటికి చుట్టాలొస్తే పడుకోవడానికి చోటు లేక కొట్టంలో గడ్డి మీద పడుకున్నాను. నడిరాత్రి మెలకువ వచ్చింది. మోతి నిద్రపోలేదు. ముందు కుడికాలు కాస్త ముందుకు చాపి, దాని మీద బరువు పడకుండా నిలబడి ఉంది. కాసేపటికి ఆ కాలు ఆనించింది, వెంటనే మళ్లీ సడలించింది. తల గోడవైపు, చెవులు వెనక్కి. ఎదురుగా మేత ఉన్నా ముట్టలేదు. తెల్లవారుజామున బాపు దాణా గిన్నె పట్టుకుని లోపలికి రాగానే మోతి సకిలించింది. చెవులు నిక్కపొడుచుకుని, నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడింది.

రాత్రి చూసింది బాపుకు చెప్పాను. "ఇరవై ఏండ్ల సంది గుర్రాలతోటే ఉన్న. నాకు ఎరుక లేదా?" అన్నాడు. కోపంగా కాదు, పూర్తి నమ్మకంతో అన్నాడు. వారం తర్వాత మిరపకాయల మార్కెట్ దగ్గర మోతి ఇక కదలనని ఆగిపోయింది. నాడాలు కొట్టే నాల్‌బంద్ వచ్చి, గిట్ట ఎత్తి, నాడా ఊడదీసి, అడుగుభాగాన్ని కత్తితో కొద్దిగా గీకగానే నల్లటి చీము బయటికొచ్చింది. నెల రోజుల్లో మోతి కోలుకుంది. ఆ రాత్రి మాత్రం బాపు అన్నం ముట్టలేదు.

బాపుకు మోతి అంటే ప్రాణం. అది ఏ మలుపు దగ్గర బెదురుతుందో, ఏ తొట్టిలో నీళ్లు తాగదో, వాన రాబోతుంటే ఎలా తల విదిలిస్తుందో అన్నీ ఆయనకు తెలుసు. దాని కాలి నొప్పి మాత్రం తెలియలేదు. అంత తెలిసిన మనిషికి ఇది ఎందుకు తెలియలేదన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. రేసు గుర్రాల బాగోగుల మీద వాదన వచ్చినప్పుడల్లా నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. ట్రైనర్లు "మా గుర్రాల సంగతి మాకు తెలియదా" అంటారు. జంతు సంక్షేమం కోరేవాళ్లు "మీకు తెలియదు" అంటారు. నాకైతే ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తుంది, ఎందుకంటే ఇద్దరూ "తెలియడం" అనే ఒకే మాటను రెండు వేరు సంగతులకు వాడుతున్నారు.

భారతం అరణ్యపర్వంలో నలుడి కథ ఉంది. రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరిన నలుడికి అశ్వహృదయం తెలుసు. విదర్భకు ఒక్క రోజులో చేరాలని రాజు అడిగితే, నలుడు లాయంలోంచి బక్కగా కనిపించే గుర్రాలను ఎంచుకుంటాడు. ఇవేం గుర్రాలని రాజు కోప్పడతాడు. నలుడు వాటి ఒంటి మీది సుడులు చూపించి, ఇవే చేరుస్తాయంటాడు. దారిలో ఇద్దరూ విద్యల మార్పిడికి ఒప్పుకుంటారు. రాజు దగ్గరున్నది అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, లెక్కల విద్య. నలుడు దాన్ని తీసుకుని, బదులుగా తర్వాత అశ్వహృదయం ఇస్తాడు. మా జిల్లా నుంచి పైనగంగ దాటితే విదర్భే కాబట్టి చిన్నప్పుడు ఈ కథ మా పక్కూళ్లో జరిగినట్టే అనిపించేది. ఇప్పుడు ఇందులో నన్ను పట్టుకున్నది ఆ మార్పిడి. గుర్రం మనసు తెలిసిన విద్య, పందెం లెక్క తెలిసిన విద్య ఒకే రథం మీద కూర్చున్నాయి. రేస్‌కోర్సు మొత్తం కథ అదే. అక్కడ రెండో విద్య ఎప్పుడూ మొదటిదానికంటే గట్టిగా మాట్లాడుతుంది.

ముందు ట్రైనర్లకు నిజంగా తెలిసినదాని గురించి చెప్పాలి, ఎందుకంటే అది చిన్నదేమీ కాదు. మా మేనమామ కొడుకు, అంటే మా బావ, ఒక పెద్ద నగరంలోని రేసు లాయంలో చాలా ఏళ్లు సైసుగా, అంటే గుర్రాలను చూసుకునే పనివాడిగా చేశాడు. వాళ్ల రోజు చీకటి ఉండగానే మొదలవుతుంది. మొదటి పని దాణా తొట్టి చూడడం. రాత్రి పెట్టింది మిగిలిందా, ఎంత మిగిలింది? తర్వాత లద్దె చూస్తారు, నీళ్లు ఎంత తాగిందో చూస్తారు. ఆపైన మోకాలి కింద నుంచి గిట్ట దాకా నాలుగు కాళ్లూ అరచేత్తో తడుముతారు. నరం వెంబడి వెచ్చగా తగిలినా, నిన్న లేని ఉబ్బు వేలికి తెలిసినా ఆ రోజు దౌడు ఉండదు. విశ్రాంతిలో గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. పూర్తి దౌడులో 200 దాటుతుంది. దౌడు ఆపాక అది ఎంతసేపట్లో దిగుతుందో మంచి ట్రైనర్‌కు కంఠతా వస్తుంది. ఈ విద్య పుస్తకంలో దొరకదు. ఒక గుర్రం నిన్నటి తనకంటే ఈ రోజు ఎలా ఉందో చెప్పడంలో అనుభవం ఉన్న చేతిని మించిన యంత్రం లేదని బావ అంటాడు. చాలావరకు నేనూ ఒప్పుకుంటాను.

చిక్కల్లా "నిన్నటి తనకంటే" అన్న మాటలోనే ఉంది. నిన్న కూడా నొప్పితోనే ఉంటే? నెల రోజులుగా మెల్లమెల్లగా పెరిగిన నొప్పయితే? అలాంటప్పుడు ఆ గుర్రం తీరే అంత అనిపిస్తుంది. "ఇది కొంచెం మొండిది", "జీను వేసేటప్పుడు కరుస్తుంది, దాని స్వభావం" అంటాం. బ్రిటన్‌లో 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో, రోజూ స్వారీకి వెళ్తున్న 500కు పైగా గుర్రాలను పశువైద్యులు పరీక్షించారు. అవి రేసు గుర్రాలు కావు, స్వారీ గుర్రాలు. వాటి మీద ఎక్కేవాళ్లంతా అవి బాగానే ఉన్నాయనుకుంటున్నారు. దాదాపు సగం గుర్రాలు కుంటుతూనో, నడకలో నొప్పి తెలిసేలానో ఉన్నాయని తేలింది. ఆ మనుషులు ప్రేమ లేనివాళ్లు కారు. రోజూ చూసేది కంటికి అలవాటైపోతుంది, అంతే.

రెండో కారణం గుర్రంలోనే ఉంది. అది వేట జంతువు కాదు, వేటాడబడే జంతువు. మందలో కుంటుతున్నట్టు కనబడినదాన్నే పులి ముందు పట్టుకుంటుంది. అందుకే ఎవరో చూస్తున్నారని తెలిస్తే గుర్రం నొప్పిని లోపలికి తీసుకుంటుంది. అమెరికాలో కాళ్ల ఆపరేషన్ అయిన గుర్రాల గదుల్లో కెమెరాలు పెట్టి చేసిన పరిశీలన 2020లో వచ్చింది. గది ఖాళీగా ఉన్నప్పుడు అవి బరువు మార్చుకోవడం, కాలు సడలించడం, తల దించి గోడవైపు తిరగడం లాంటివి చేస్తున్నాయి. సంరక్షకుడు లోపలికి రాగానే ఆ చేష్టలు సగటున నాలుగింట మూడు వంతులు తగ్గిపోయాయి. కొన్ని గుర్రాలు పూర్తిగా ఆపేశాయి. ఇది చదివినప్పుడు నేను పదేళ్ల పిల్లాడినై మళ్లీ ఆ గడ్డి మీద పడుకున్నాను. మోతి బాపును మోసం చేయలేదు. తన జాతికి తెలిసిన పనే చేసింది. నేను కనబడకుండా పడుకుని ఉన్నాను కాబట్టి నాకు కనబడింది.

అయితే గుర్రం పూర్తిగా దాచలేని చోటు ఒకటుంది. దాని ముఖం. 2014లో ఐరోపా పరిశోధకులు గుర్రం ముఖంలో నొప్పిని గుర్తుపట్టే కొలత ఒకటి తయారుచేశారు. అందులో ఆరు చోట్లు చూడాలి. చెవులు బిగుసుకుని వెనక్కి తిరిగాయా, కనురెప్ప కిందికి జారిందా, కంటి పైభాగం బిగిసి ఎముక కనబడుతోందా, దవడ కండ పొంగిందా, నోరు బిగించి గడ్డం ముందుకు వచ్చిందా, ముక్కుపుటాలు సాగాయా. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు వేస్తారు. తర్వాత బ్రిటన్ పశువైద్యురాలు సూ డైసన్ స్వారీలో ఉన్న గుర్రానికి 24 గుర్తుల పట్టిక తయారుచేశారు. తోక విసరడం, నోరు తెరవడం, తల ఒక పక్కకు వంచడం, ముందుకు కదలకుండా మొరాయించడం లాంటివి అందులో ఉంటాయి. వీటిలో 8 అంతకంటే ఎక్కువ కనిపిస్తే కండరాల్లోనో ఎముకల్లోనో నొప్పి ఉండే అవకాశం బలంగా ఉందని లెక్క. ఇవి నేర్చుకోవడానికి డాక్టర్ చదువు అక్కర్లేదు. రెండు మూడు రోజులు ఓపికగా ఫొటోలు, వీడియోలు చూస్తే సైసుకైనా వస్తుంది. నిలబడే తీరులోనూ ఒక చిన్న తేడా ఉంది. తీరిగ్గా ఉన్న గుర్రం వెనక కాలు ఒకదాన్ని మడిచి, గిట్ట అంచు ఆనించి నిలబడుతుంది. అది విశ్రాంతి. ముందు కాలు చాపి సడలించి నిలబడితే మాత్రం దగ్గరికెళ్లి చూడాలి.

నొప్పి ఒక్కటే సంక్షేమం కాదు. 1979లో బ్రిటన్‌లో పెంపుడు జంతువులకు ఐదు స్వేచ్ఛలని రాశారు. ఆకలి దప్పులు, అసౌకర్యం, గాయాలు రోగాలు, భయం వీటి నుంచి విముక్తి, సహజంగా మెలిగే వీలు. మన సుప్రీంకోర్టు 2014 జల్లికట్టు తీర్పులో వీటిని ప్రస్తావించింది. న్యూజిలాండ్ శాస్త్రవేత్త డేవిడ్ మెల్లర్ ఈ ఆలోచనను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాడు. బాధ లేకపోతే సరిపోదు, ఆ జంతువు రోజులో దానికి బాగుందనిపించే గంటలు ఎన్ని ఉన్నాయో కూడా చూడాలన్నాడు. రేసు గుర్రం విషయంలో నాకు అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే.

రేసు లాయంలో గుర్రం రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున గంటా గంటన్నర బయట పని. సాయంత్రం కాసేపు నడక. మిగతా సమయమంతా ఒక గదిలో, ఒంటరిగా. బయట మైదానంలో వదిలేస్తే గుర్రం రోజుకు 14 నుంచి 16 గంటలు మేస్తుంది. దాని పొట్ట దీనికే తయారైంది. అంత పెద్ద శరీరానికి జీర్ణాశయం చిన్నది, పది పన్నెండు లీటర్లు పట్టేంత. ఆవులా తిన్నది దాచుకుని నెమరు వేయదు. మేత ఉన్నా లేకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆమ్లాన్ని చల్లార్చేది లాలాజలం. గుర్రానికి నమిలేటప్పుడే లాలాజలం ఊరుతుంది. అంటే గడ్డి తక్కువ పెట్టి, బలం కోసం గింజల దాణా ఎక్కువ పెట్టి, రెండు పూటల మధ్య గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉంచితే లోపల పుండు పడుతుంది. దౌడులో పొత్తికడుపు బిగుసుకుని ఆమ్లం పైకి ఎగజిమ్ముతుంది. జీర్ణాశయం పైభాగానికి రక్షణ పొర లేదు. శిక్షణలో ఉన్న రేసు గుర్రాల కడుపులో గొట్టం కెమెరా వేసి చూసిన అధ్యయనాల్లో నూటికి 80, 90 గుర్రాలకు పుండ్లు కనిపించాయి. పైకి కనిపించే గుర్తులు చాలా చిన్నవి. వెంట్రుక మెరుపు తగ్గుతుంది, దాణా సగంలో వదిలేస్తుంది, నడుం పట్టీ బిగిస్తుంటే పళ్లు చూపిస్తుంది. "ఎద్దు పుండు కాకికి ముద్దా" అని సామెత. కాకికి పుండు కనబడుతుంది, అయినా పొడుస్తుంది. ఇక్కడ పుండే కనబడదు. అదే తేడా.

లాయాల్లో కొన్ని గుర్రాలు తలుపు చెక్కను పళ్లతో పట్టుకుని గుటక్కున గాలి మింగుతుంటాయి. కొన్ని తలుపు దగ్గర నిలబడి గంటల తరబడి అటూ ఇటూ ఊగుతుంటాయి. వీటిని ఐబు అంటారు. ఐబు ఉన్న గుర్రానికి ధర తగ్గుతుంది. మెడకు పట్టీ బిగించి గాలి మింగకుండా ఆపేవాళ్లూ ఉన్నారు. మైదానంలో మందతో పెరిగే గుర్రాల్లో ఈ అలవాటు కనబడదు. గడ్డి తక్కువై, తోడు లేక, కదలిక లేక పుట్టే అలవాటు ఇది. పట్టీ బిగిస్తే చేష్ట ఆగుతుంది, దానికి కారణమైన కొరత అలాగే ఉంటుంది. ఐబు అన్న మాటను గుర్రం మీద నుంచి తీసి ఆ గది మీద పెట్టాలని నా అభిప్రాయం. ఆ కొరత తీర్చడం ఖర్చుతో కూడిన సంగతి కూడా కాదు. రోజంతా ఎండుగడ్డి అందేలా పెట్టడం, పక్క గుర్రం ముఖం కనబడేలా గోడలో కిటికీ పెట్టడం, రోజుకు ఓ గంట దాన్ని తోచినట్టు తిరగనివ్వడం. మా బావ చేసిన లాయంలో ఒక బెదురు గుర్రానికి తోడుగా మేకను కట్టేవారట. మేక వచ్చిన మూడో రోజు నుంచి అది దాణా పూర్తిగా తినడం మొదలుపెట్టిందని ఇప్పటికీ సంతోషంగా చెబుతాడు.

ఎముకల సంగతి ఇంకాస్త లోతైనది. రేసులో కాలు విరిగి గుర్రం పడిపోతే అందరూ దురదృష్టం అంటారు. చాలాసార్లు అది ఆ క్షణంలో మొదలైనది కాదు. దౌడులో ఒక్కో గిట్ట మీద శరీరం బరువుకు రెండున్నర రెట్ల దాకా పడుతుంది, అంటే టన్ను పైమాటే. ఈ ఒత్తిడికి ఎముకలో కంటికి కనబడని బీటలు పడతాయి. ఎముక బతికి ఉన్న వస్తువు కాబట్టి తనను తాను బాగుచేసుకుంటుంది. ఎలాగంటే, రోడ్డు మరమ్మతులాగా ముందు పాడైన చోట తవ్వి తీసేసి, తర్వాత కొత్తది నింపుతుంది. తవ్వడానికి వారాలు చాలు, నింపడానికి నెలలు కావాలి. ఆ మధ్య కాలంలో ఎముక మామూలుకంటే బలహీనంగా ఉంటుంది. గాయానికి విశ్రాంతి ఇచ్చి, కాలు చల్లబడింది కదా అని వెంటనే పూర్తి వేగం పెడితే ప్రమాదం సరిగ్గా ఆ గుంత దగ్గరే జరుగుతుంది. చేయి తడిమితే ఇది తెలియదు. ఎంత గొప్ప ట్రైనర్ చేతికైనా తెలియదు.

రెండేళ్ల గుర్రాలను పరుగెత్తించడం తప్పా కాదా అన్న వాదన కూడా ఇక్కడే చిక్కుపడుతుంది. లేత వయసులో అసలు పని లేకుండా ఉంచితే ఎముక గట్టిపడదు. చిన్నచిన్న దూరాలు, మధ్యలో విశ్రాంతి ఇస్తూ చేయించిన పని ఎముకకు మేలు చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకని వయసు ఒక్కటే చూసి తీర్పు చెప్పడం నాకు సరిగా అనిపించదు. ఎన్ని గజాలు వేగంగా పరుగెత్తిస్తున్నారు, ఎన్ని రోజులకోసారి, నొప్పి మందు ఇచ్చి పరుగెత్తిస్తున్నారా అన్నవి చూడాలి. నొప్పి మందు తగ్గించేది నొప్పిని, బీటను కాదు. కుంటడం ఆగిపోతే గుర్రం చెప్పే ఒకే ఒక్క మాట కూడా ఆగిపోయినట్టే.

అమెరికాలో 2009 నుంచి రేసుల్లో చనిపోయిన గుర్రాల లెక్క ఒకచోట రాస్తున్నారు. ఆ ఏడాది గుర్రాలు వెయ్యి సార్లు రేసుకు దిగితే రెండు మరణాలు. 2023కి అది 1.32కి తగ్గింది. గుర్రాలేమీ మారలేదు. రేసుకు ముందు వైద్య పరీక్షలు పెరిగాయి, మందుల మీద కట్టడి వచ్చింది, ట్రాక్ మట్టిని జాగ్రత్తగా చూస్తున్నారు. లెక్క రాయడం మొదలుపెడితే దురదృష్టమనుకున్నదాంట్లో చాలా భాగం మన చేతిలో ఉన్నదేనని తేలింది. మన దగ్గర కూడా రేసు కార్డు అమ్మే కిటికీ పక్కనే ఈ అంకె రాసి పెట్టాలని నా కోరిక.

గుర్రానికి మనం తెలిసినంతగా మనకు గుర్రం తెలియదు. ఇది నూరేళ్ల కిందే రుజువైంది. జర్మనీలో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేసి, గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వవేత్త దాని గుట్టు కనిపెట్టాడు. అది లెక్కలు చేయడం లేదు. సరైన అంకె రాగానే ఎదుటి మనిషి తలలో, భుజాల్లో వచ్చే అతి చిన్న కదలికను చదువుతోంది. అలా కదులుతున్నట్టు ఆ మనిషికే తెలియదు. అంత సూక్ష్మంగా మనల్ని చదివే జీవి మన టెన్షన్, మన కోపం చదవకుండా ఉంటుందా?

మనం దాన్ని చదవడంలో ఎంత వెనకబడ్డామో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. బ్రిటన్‌లో హర్డిల్ రేసుల అడ్డంకులకు ఏళ్ల తరబడి నారింజ రంగు వేశారు, గుర్రానికి స్పష్టంగా కనబడాలని. కనబడేది మనకే. గుర్రం కంటికి నీలం, పసుపు తెలుస్తాయి, ఎరుపు, నారింజ రంగులు పచ్చగడ్డిలో కలిసిపోతాయి. పరిశోధకులు చెప్పాక ఈమధ్యే తెల్ల రంగుకు మార్చడం మొదలుపెట్టారు. గుర్రాలతోనే బతికే దేశం, వందల మంది అనుభవజ్ఞులు, అయినా దాని కంటితో చూద్దామని చాలా కాలం ఎవరికీ తోచలేదు.

కొరడా గురించీ ఇదే మాట. గుర్రం తోలు మందం, దానికి నొప్పి తెలియదని చిన్నప్పటి నుంచీ విన్నాను. 2020లో సిడ్నీ పరిశోధకులు గుర్రం చర్మాన్ని, మనిషి చర్మాన్ని సూక్ష్మదర్శిని కింద పోల్చి చూశారు. నొప్పి తెలిసే పైపొర మందంలోనూ, నరాల చివర్ల సంఖ్యలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నార్వే 1982లోనే రేసుల్లో కొరడాతో కొట్టడాన్ని నిషేధించింది. బ్రిటన్ 2023 నుంచి అడ్డంకులు లేని మామూలు రేసులో ఆరు దెబ్బలకు మించకూడదంది. చివరి రెండు వందల మీటర్లలో, గుర్రం అలసిపోయి ఇంక వేగం పెంచలేని చోటే కొరడా ఎక్కువ పడుతుందన్నది గమనిస్తే, ఆ దెబ్బలు గుర్రం కోసం కాదని, టికెట్ కొన్నవాళ్ల తృప్తి కోసమని అర్థమవుతుంది.

శిక్షణ ఎలా పనిచేస్తుందో శిక్షకులకే సరిగా తెలియకపోవడం ఇంకో చిక్కు. కళ్లెం లాగితే గుర్రం ఆగడం నేర్చుకునేది లాగినందుకు కాదు. ఆగగానే వదిలినందుకు. ఒత్తిడి, దాని వెంటనే సడలింపు. సడలింపే దానికి అందే జవాబు. వదలడం ఆలస్యమైతే తాను చేసింది తప్పో ఒప్పో దానికి తెలియదు. మడమతో పొడుస్తూ కళ్లెం కూడా లాగితే "వెళ్లు, ఆగు" అని ఒకేసారి చెప్పినట్టు. అలాంటి గుర్రమే కొన్నాళ్లకు మొండి గుర్రమని పేరు తెచ్చుకుంటుంది. ఆస్ట్రేలియాలో స్వారీ నేర్పే కోచ్‌లను ఈ సూత్రం గురించి అడిగిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. దాన్ని సరిగ్గా వివరించగలిగినవాళ్లు చాలా కొద్దిమంది. చేత్తో పని వచ్చు, పని ఎందుకు జరుగుతుందో రాదు.

అడిగితే గుర్రం చెబుతుంది కూడా. నార్వేలో 23 గుర్రాలకు మూడు బొమ్మల గుర్తులు నేర్పారు. ఒకటి దుప్పటి కప్పమని, ఒకటి తీయమని, ఒకటి ఉన్నట్టే ఉంచమని. 2016లో ఫలితాలు వచ్చాయి. రెండు వారాల్లో అన్నీ నేర్చుకున్నాయి. చలీ వానా ఉన్న రోజు దుప్పటి గుర్తును ముక్కుతో తాకాయి, ఎండ రోజు తీయమన్నాయి. వాటికి కావలసింది వాటికి తెలుసు.

ఇక లాయంలో ఎవరు ఎవరిని అడుగుతారన్నది చూద్దాం. పెద్ద ట్రైనర్ దగ్గర యాభైకి పైగా గుర్రాలు ఉంటాయి. ఒక్కోదాని దగ్గర ఆయన గడిపేది రోజుకు కొన్ని నిమిషాలు. సైసు రెండు మూడు గుర్రాలతో రోజంతా ఉంటాడు. రాత్రి పక్కనే పడుకుంటాడు. అంటే గుర్రం ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా నిలబడుతుందో చూసే మనిషి అతనే. అతని మాటకు మాత్రం విలువ తక్కువ. ఒకసారి రేసు ముందురోజు తన గుర్రం సరిగా లేదని మా బావ చెప్పాడు. "నువ్వు డాక్టర్‌వా?" అన్నారట. అది పరుగెత్తి, ఆఖర్న వచ్చి, ఆరు నెలలు గదిలో ఉంది. బావ తర్వాత ఆ పని మానేశాడు. కారణం అడిగితే జీతం సంగతి చెబుతాడు గానీ, ఆ గుర్రం పేరెత్తితే మాట ఆపేస్తాడు.

ఇందులో ట్రైనర్‌ను ఒక్కడినే దోషిని చేయడం న్యాయం కాదు. యజమాని నెలనెలా డబ్బు కడుతున్నాడు, పరుగెప్పుడు అంటాడు. గుర్రాన్ని ఆపితే ఇంకో ట్రైనర్ దగ్గరికి తీసుకెళ్తాడు. టికెట్ కొనేవాడు గుర్రం ఫామ్ చూస్తాడు. ఫామ్‌ను, వంశాన్ని, జాకీని బేరీజు వేయడం నైపుణ్యమనే 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం జూదం కాదంది. అక్షహృదయానికి చట్టం గుర్తింపు దొరికింది. అశ్వహృదయానికి ఇంకా అలాంటి చోటు లేదు. ఆరో నిజాం కాలంలో 1886లో హైదరాబాద్ రేసులు మౌలాలి నుంచి మలక్‌పేటకు వచ్చాయి. మా నాందేడ్ అప్పుడు నిజాం రాజ్యంలోనే ఉండేది. అంత పాత ఆటలో సైసు సంతకానికి విలువ ఇచ్చే ఒక్క కాగితం ఉన్నా బాగుండేది. నేను కోరేది అదే. రేసుకు ముందు డాక్టర్ సంతకం పక్కన సైసు సంతకం కూడా ఉండాలి. అతను కాదంటే ఆ రోజు ఆ గుర్రం ఆగాలి. ఆపినందుకు అతని కూలి ఆగకూడదు.

చంద్రపూర్, యవత్మాల్ వైపు శంకర్‌పట్ అనే ఎద్దుల పందేల మీద 2014లో నిషేధం వచ్చి, 2021లో మళ్లీ అనుమతి దొరికి, 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అలాంటి పందేలకు వీలిచ్చిన చట్టాలను సమర్థించేదాకా మా ప్రాంతంలో ఈ చర్చ ఇంటింటా నడిచింది. ఆపాలా వద్దా అన్నదాని దగ్గరే అందరి గొంతూ ఆగిపోయింది. జరిగినన్నాళ్లూ ఆ జీవిని ఎవరు చూస్తున్నారు, ఎలా చూస్తున్నారన్నది పెద్దగా మాటలోకి రాలేదు.

ఏటా మార్గశిరం చివర్లో లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది. మన మల్లన్నే అక్కడ ఖండోబా. గుర్రమెక్కిన దేవుడు. పసుపు బండారు గాల్లోకి లేస్తుంటే "యేళ్‌కోట్ యేళ్‌కోట్ జై మల్హార్" అని కేకలు. దేవుడి పక్కనే గుర్రాలు, గాడిదలు, ఒంటెల సంత. 2012 పశుగణనలో దేశంలో 6 లక్షలు దాటిన గుర్రాలు 2019కి 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. సంతలో అది కళ్లకు కనబడుతుంది. టాంగాలు పోయాయి. ఇప్పుడు కొనేవాళ్లలో ఎక్కువ మంది పెళ్లి బరాత్ కోసం కొనేవాళ్లే.

పోయినసారి మా అన్న కొడుకు అందుకే వచ్చాడు, నన్ను వెంటబెట్టుకుని. ఒక తెల్ల ఆడగుర్రం దగ్గర ఆగాడు. అమ్మేవాడు పళ్లు చూపించాడు, మెడ మీద సుడి చూపించి శుభమన్నాడు, తాడు పట్టుకుని నాలుగు అడుగులు పరుగెత్తించాడు. గుర్రం చెవులు నిక్కించి మెరిసిపోయింది. అన్న కొడుకు జేబులో చేయి పెట్టాడు. నేను అతని మోచేయి పట్టుకుని ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ పరదా వెనక్కి తీసుకెళ్లాను.

"మాట్లాడుదాం పా కాకా, వేరేటోళ్లు కొంటరు."

"కూసో. దానికి కనబడకుండ కూసో."

కాసేపటికి అమ్మేవాడు బీడీ వెలిగించుకుని అటు వెళ్లాడు. చుట్టూ ఎవరూ లేరు. గుర్రం తల నెమ్మదిగా కిందికి దిగింది. గడ్డి రెండు పరకలు లాగి నమిలింది. కింది పెదవి వదులుగా వేలాడింది. కాసేపటికి వెనక ఎడమ కాలు మడిచి గిట్ట అంచు ఆనించింది. తర్వాత కుడిది.

మా వాడు చాయ్ తాగడం మరిచిపోయి చూస్తున్నాడు. "ముందు కాళ్లు కదిలిస్తలేదు కాకా," అన్నాడు గొంతు తగ్గించి.

ఇంకో రెండు చాయ్ చెప్పాను.